ముక్కు అలర్జీకి, దమ్ముకు మూలికల మందులు: రుజువులు ఎంతవరకు ఉన్నాయి?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తుమ్ములు, ముక్కు దిబ్బడ, ఉబ్బసం గురించే ఉన్నాయి. వాటిలోనూ మూలికల రసాలు, క్యాప్సూళ్ళు వాడవచ్చునా అన్న ప్రశ్నే పదే పదే కనిపించింది. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, వయసు 38. నాలుగేళ్లుగా వినాయక చవితి వచ్చిందంటే నాకు తుమ్ములు మొదలై సంక్రాంతి దాకా వదలవు. పొద్దున లేవగానే ఇరవై ముప్ఫై తుమ్ములు, ముక్కు నీళ్ళలా కారడం, కళ్ళ దురద. డాక్టరు గారు సెట్రిజిన్ మాత్ర, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. స్ప్రేలో స్టెరాయిడ్ ఉందని తెలిసి నెల తిరగకముందే మానేశాను. తమకు తగ్గిందని చెప్పి, తిప్పతీగ రసం తాగమని తోటి టీచర్లలో ఒకరు, పసుపు, మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్ళు మింగమని ఇంకొకరు చెబుతున్నారు. వీటికి శాస్త్రీయమైన రుజువులు ఉన్నాయా, లేక అంతా ప్రచారమేనా?

జవాబు: రుజువులు బొత్తిగా లేవంటే అది అబద్ధమవుతుంది. ఉన్నవి చాలునంటే అది అంతకంటే ప్రమాదం. ఈ రెంటికీ నడుమ ఉన్న సంగతిని మీకు కాస్త వివరంగానే చెప్పాలి.

ముందు తిప్పతీగ. మహారాష్ట్రలో జరిగి 2005లో ప్రచురితమైన ఒక పరీక్షలో, ముక్కు అలర్జీ ఉన్న 75 మందిని చీటీలు తీసిన పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తిప్పతీగ సారం మాత్రలు, రెండో గుంపుకు మందు లేని ఉత్తి మాత్రలు ఎనిమిది వారాల పాటు ఇచ్చారు. తిప్పతీగ వాడినవారిలో 83 శాతం మందికి తుమ్ములు పూర్తిగా పోయాయని, ఉత్తి మాత్ర వాడినవారిలో 79 శాతం మందికి ఏమీ తగ్గలేదని అందులో రాశారు. ఈ అంకెలు చూసి ఎవరికైనా ఆశ కలుగుతుంది. నాకు ఆశతో పాటు సందేహం కూడా కలిగింది. ఎందుకంటే, అలర్జీ మందుల పరీక్షలలో ఉత్తి మాత్ర మింగినవారు కూడా సాధారణంగా ఎంతో కొంత తేరుకుంటారు. మందు వేసుకున్నామన్న ధీమా కొంత, గాలిలో పుప్పొడి తగ్గడం కొంత దానికి కారణం. ఆ గుంపులో ఐదింట నాలుగు వంతుల మందికి రవ్వంత మార్పు కూడా లేదంటే, పరీక్ష జరిగిన తీరును మరోసారి తరచి చూడవలసి వస్తుంది. అదే ఫలితం వేరే ఊళ్ళలో, వేరే వైద్యుల చేతుల మీదుగా, వందలాది మందిలో మళ్ళీ కనిపించినప్పుడే దాన్ని గట్టి రుజువుగా లెక్కించాలి.

ఉత్తి మాత్రతో పోల్చడం ఎందుకంత ముఖ్యమో మీ జబ్బే చెబుతుంది. మీ తుమ్ములు చవితికి మొదలై సంక్రాంతికి పోతాయి. వానల తరువాత ఖాళీ స్థలాల నిండా పూసే వయ్యారిభామ పుప్పొడి, గడ్డి పుప్పొడి, వరి కోతల నాటి కల్లాల దుమ్ము ఈ నెలలలోనే గాలిలో ఎక్కువగా ఉంటాయి. మనిషి మందు కోసం వెతికేది బాధ పరాకాష్ఠకు చేరినప్పుడే. డిసెంబరులో ఓర్వలేక తిప్పతీగ మొదలుపెట్టి జనవరి చివరికి హాయిగా ఉందనుకుంటే, ఆ హాయి తీగ వల్ల కలిగిందో, గాలి మారడం వల్ల కలిగిందో మీరూ నేనూ చెప్పలేము. పక్కనే ఉత్తి మాత్ర మింగుతున్న మరో గుంపు ఉంటేనే ఆ రెంటినీ విడదీయగలం. మీ తోటి టీచర్లు అబద్ధం చెప్పడం లేదు. తమకు జరిగింది చెబుతున్నారు, కానీ ఎందువల్ల జరిగిందో వారికి తెలిసే మార్గం లేదు.

పసుపు విషయంలోనూ ఇలాంటి పరీక్ష ఒకటి ఉంది. ఏడాది పొడవునా ముక్కు అలర్జీ ఉండే 241 మందిపై చైనాలో జరిపి 2016లో ప్రచురించిన ఆ పరీక్షలో, పసుపులోని కర్క్యుమిన్‌ను రెండు నెలలు వాడినవారికి తుమ్ములు, ముక్కు కారడం, దిబ్బడ ఉత్తి మాత్ర వాడినవారి కంటే తగ్గాయి. అయితే నిజామాబాద్ పసుపైనా మరే పసుపైనా అందులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది, అందులోనూ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. కనుక పాలలో చిటికెడు పసుపు వేసుకుని తాగడాన్ని ఆ పరీక్షతో పోల్చలేము. ఆ కొరత తీర్చడానికే క్యాప్సూళ్ళలో మిరియాల సారమైన పైపెరిన్ కలుపుతారు. 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడైతే కర్క్యుమిన్ రక్తంలోకి చేరడం దాదాపు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. చిక్కంతా ఇక్కడే ఉంది. మన పెద్దలు తరతరాలుగా కూరలో వేసుకున్న పసుపుకూ, శరీరం సహజంగా అడ్డుకునే పదార్థాన్ని ఆ అడ్డు తొలగించి లోపలికి పంపే క్యాప్సూలుకూ భద్రత ఒకటి కాదు. అమెరికాలో పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను అక్కడి పరిశోధకులు 2022లో ప్రచురించారు, వారిలో ఒకరు మరణించారు కూడా.

తిప్పతీగ విషయంలో ఇలాంటి హెచ్చరిక మన దేశం నుంచే వచ్చింది. కోవిడ్ రోజులలో ఇంటింటా ఈ కషాయం కాచుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో ముంబై వైద్యులు ఆరుగురిలో, ఆ మరుసటి ఏడు దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి 43 మందిలో దీనివల్ల కామెర్లు, కాలేయ వాపు వచ్చినట్టు నివేదించారు. మొదలుపెట్టిన సుమారు నెలన్నరకు ఆ లక్షణాలు కనిపించాయి. తిప్పతీగను పోలిన మరో జాతి తీగతో పొరబడి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభిప్రాయపడింది. ఆ వాదనలో బలం ఎంత ఉన్నా, కంచె మీది తీగను కోసుకువచ్చి రసం తీసుకునేవారికి దానివల్ల ఒరిగే ధైర్యం ఏమీ లేదు, ఎందుకంటే పొరబాటు జరిగేది అక్కడే. కాలేయ జబ్బు గానీ, కీళ్ళవాతం, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బుల వంటి, శరీర రక్షణ వ్యవస్థ శరీరం మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు గానీ ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

ఇక మీరు మానేసిన స్ప్రే. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట అదే. ముక్కు అలర్జీకి మనకున్న మందులన్నిటిలోకీ బాగా పనిచేసేది స్టెరాయిడ్ స్ప్రే అని వేలాది మందిపై జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే మొహం ఉబ్బడం, షుగరు పెరగడం గుర్తుకు రావడం సహజమే. అయితే ఒక్క 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలో 5000 మైక్రోగ్రాముల స్టెరాయిడ్ ఉండగా, మొమెటసోన్ స్ప్రేలో పెద్దవారి మోతాదు రోజంతటికీ 200 మైక్రోగ్రాములు. అందులోనూ రక్తంలోకి చేరేది రెండు శాతం లోపే. ముక్కు ఎండిపోవడం, అప్పుడప్పుడు కొంచెం రక్తం కనిపించడం దీని సాధారణ ఇబ్బందులు. ముక్కు చీదుకుని, తల కొద్దిగా ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకీ ఎడమ చేత్తో కుడి ముక్కులోకీ, మధ్య గోడకు తగలకుండా కంటి బయటి కొన వైపుకు గురిచేసి కొట్టుకుంటే ఆ ఇబ్బంది కూడా తగ్గుతుంది. గట్టిగా పీల్చకండి. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలైనా పడుతుంది కనుక, మూడు రోజులు చూసి మానేయకండి. వచ్చే ఏడు చవితికి రెండు వారాల ముందే మీ డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి.

పసుపు కూరలో వేసుకోండి, పాలలో తాగండి, అభ్యంతరం లేదు. క్యాప్సూలు కొనేముందు మాత్రం డబ్బా వెనుక చూడండి. ఆహార చట్టం కింద అమ్మే సప్లిమెంట్ల మీద అది ఔషధ వినియోగానికి కాదని ముద్రించాలన్నది మన దేశంలో నిబంధన. ముందువైపున అలర్జీ బొమ్మలు వేసిన డబ్బాకు వెనుకవైపున ఆ మాట ఉంటుంది. మరొక చిన్న జాగ్రత్త: మీకు వయ్యారిభామ పడదని పరీక్షలో తేలితే, అదే కుటుంబానికి చెందిన చామంతి జాతి పూల టీలు, ఎకినేషియా అనే మొక్క మాత్రలు కూడా మీకు పడకపోవచ్చు.

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దడువాయిగా, అంటే సరుకు తూకం వేసేవాడిగా, పనిచేస్తున్నాను. వయసు 54. మిర్చి సీజన్‌లో దమ్ము ఎక్కువై రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతాను. రెండు పూటలా ఇన్‌హేలర్, థియోఫిల్లిన్ మాత్ర వాడుతున్నాను. మేడారం జాతరలో మూలికలు అమ్మే ఒకాయన మేకమేయని ఆకు ఇచ్చి, రోజుకొకటి చొప్పున ఆరు రోజులు నమిలితే దమ్ము శాశ్వతంగా పోతుందన్నాడు. దానితో పాటు నల్లటి గుళికలు కూడా ఇచ్చాడు. గుళికలు వేసుకున్న రెండో రోజుకే ఎంతో హాయిగా ఉంది. ఇన్‌హేలర్ మానవచ్చునా?

జవాబు: మానకండి. ఇది చదివే సమయానికి మానేసి ఉంటే ఈ పూటే మళ్ళీ మొదలుపెట్టండి. మిగతా సంగతులన్నీ దీని తరువాతే.

ఆయన చెప్పిన ఆరు రోజుల ఆకు వెనుక ఒక చరిత్ర ఉంది. 1969లో ఢిల్లీ వైద్యులు 110 మంది ఉబ్బసం రోగులపై ఈ ఆకునే పరీక్షించారు. వారం తరువాత ఆకు నమిలినవారిలో 62 శాతం మందికి, మందు గుణం లేని వేరే ఆకు నమిలినవారిలో 28 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగింది. ఆ రోజుల్లో అది దేశమంతా ఆశలు రేపిన ఫలితం. నోరు పుండు పడటం, ఉప్పు రుచి తెలియకపోవడం, వాంతులు చాలామందిని బాధపెట్టినా పరిశోధన కొనసాగింది. కానీ 1979లో 135 మందిపై, ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపిన మరో పరీక్షలో ఆకుకూ ఉత్తి మందుకూ తేడా కనిపించలేదు. ఆకు నమిలితే నోరు పుండు పడుతుంది కనుక తనకు అసలు మందే దక్కిందని రోగికి తెలిసిపోతుంది, ఆ తెలివిడి వల్ల కూడా ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుంది. మొదటి పరీక్షల ఫలితాన్ని ఇది కొంతవరకైనా పెంచి ఉంటుందని నా అభిప్రాయం. అందుగు చెట్టు బంకకు కూడా ఇలాంటి ఒక పరీక్ష ఉంది. 1998లో ప్రచురితమైన దానిలో ఉన్నది 40 మందే. ఏ పరీక్షలోనూ దమ్ము శాశ్వతంగా పోయినట్టు లేదు. ఏ మందూ ఉబ్బసాన్ని నయం చేస్తుందని చెప్పి అమ్మకూడదని మన ఔషధ నిబంధనలే, షెడ్యూల్ జె అనే జబ్బుల జాబితా కింద, నిషేధిస్తున్నాయి.

నాకు ఆకు కంటే ఆ నల్లటి గుళికల గురించే భయంగా ఉంది. మూలికలు సాధారణంగా అంత త్వరగా పనిచేయవు. దమ్ము రెండో రోజుకే ఇలా దిగిందంటే గుళికలలో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. ఇలాంటి కల్తీ దేశదేశాలలో పదే పదే పట్టుబడింది. ముక్కు స్ప్రే గురించి పై జవాబులో చెప్పినది దీనికి వర్తించదు, ఇది నేరుగా రక్తంలో కలిసే మోతాదు. మూడు వారాలకు మించి వాడి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గుళికలను చేతపట్టుకునే ఎంజీఎం ఆసుపత్రికి గానీ, మీరు చూపించుకునే ఛాతీ వైద్యుల దగ్గరకు గానీ వెళ్ళి, షుగరు, బీపీ చూపించుకోండి. గట్టిగా ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష కూడా చేయించుకోండి, ఎందుకంటే మీ వయసులో, మీ పనిలో, దమ్మన్నది ప్రతిసారీ ఉబ్బసమే కానక్కరలేదు.

మిర్చి యార్డులో వచ్చే దగ్గు, తుమ్ములలో చాలా భాగం అలర్జీ కూడా కాదు. మిరపలోని కాప్సైసిన్ నేరుగా ముక్కు, గొంతులోని నరాలను రేపుతుంది. దానికి ఏ మూలికా, ఏ అలర్జీ మాత్రా విరుగుడు కాదు. ముఖానికి అతుక్కునే ఎన్-95 మాస్కు తువ్వాల కంటే ఎంతో మేలు. మరొక ముఖ్యమైన సంగతి: మీరు థియోఫిల్లిన్ వాడుతున్నారు కనుక మిరియాల సారం ఉన్న ఏ క్యాప్సూలూ తీసుకోకండి. పైపెరిన్ రక్తంలో థియోఫిల్లిన్‌ను పెంచుతుంది, అది మోతాదు మించితే గుండె దడ, వాంతులు, చివరకు ఫిట్సు కూడా రావచ్చు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్‌కు కూడా తగ్గకపోయినా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయికి అయిదో నెల. పురుటికి జనగామకు తీసుకువచ్చాము. అలర్జీ దగ్గు, కఫం ఉన్నాయి. అడ్డసరం ఆకుల కషాయం ఇవ్వవచ్చునా?

జవాబు: గర్భిణికి ఇవ్వకండి. అడ్డసరంలోని వాసిసిన్‌కు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే గుణం ఉంది. ఈ ఆకు మీద నాకు గౌరవం లేక చెబుతున్న మాట కాదిది. దగ్గు మందులలో విరివిగా వాడే బ్రోమ్‌హెక్సిన్ ఈ వాసిసిన్‌ను ఆధారం చేసుకుని తయారైనదే, ఆంబ్రాక్సాల్ దాని నుంచి వచ్చినదే. ఆకులో అంత శక్తి ఉంది కనుకనే గర్భిణి విషయంలో జాగ్రత్త అవసరం. ప్రస్తుతానికి ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయండి. ఆమె ఇదివరకే ఇన్‌హేలర్ వాడుతుంటే గర్భం వచ్చిందని మాన్పించకండి, తల్లికి ఊపిరి ఆడకపోవడమే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే దాన్ని అలర్జీ అని ఇంట్లోనే తేల్చకుండా కఫం పరీక్ష చేయించండి.

ప్రశ్న: ములుగు నుంచి రాస్తున్నాను. మా మనవడికి ఆరేళ్లు, మనవరాలికి ఎనిమిది నెలలు. ఇద్దరికీ ఎప్పుడూ సర్దే. అడవి తేనె రోజూ ఒక చెంచా నాకిస్తే అలర్జీ పోతుందంటారు, నిజమేనా? రాత్రిపూట వాము, కర్పూరం మూటకట్టి ముక్కు దగ్గర పెడుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఎనిమిది నెలల పాప. ఏడాది నిండని బిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా నాకించకూడదు, మన కళ్ళ ముందు తీసిన స్వచ్ఛమైన అడవి తేనె అయినా సరే. అందులో ఉండగల ఒక క్రిమి బీజాలు పసిపిల్లల పేగులలో విషాన్ని తయారుచేసి కండరాలను చచ్చుబరుస్తాయి. కర్పూరం మూట కూడా తీసివేయండి. చంటిపిల్లలు కర్పూరం పీల్చినా, పొరపాటున నోట్లో పెట్టుకున్నా ఫిట్సు రావచ్చు.

ఊరి తేనెలో ఊరి పుప్పొడి ఉంటుంది కనుక రోజూ తింటే శరీరానికి అలవాటవుతుందన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తేనెటీగ తెచ్చేది పూల నుంచి తనకు అంటుకున్న బరువైన పుప్పొడి, తుమ్ములు తెప్పించేది ఎక్కువగా గాలిలో తేలివచ్చే గడ్డి, కలుపు మొక్కల తేలికైన పుప్పొడి. 2002లో అమెరికాలో 36 మందిపై జరిపిన పరీక్షలో స్థానిక తేనె తిన్నవారికీ, తేనె వాసన కలిపిన ఉత్తి పాకం తిన్నవారికీ తేడా కనిపించలేదు. అది చిన్న పరీక్షే, కానీ దానికి ఎదురు నిలిచే గట్టి రుజువేదీ నా దృష్టికి రాలేదు. మీ మనవడికి జలుబుతో దగ్గు వచ్చిన రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా తేనె ఇవ్వండి, దగ్గు నెమ్మదించడానికి అది కొంత ఉపకరిస్తుంది. నెలల తరబడి సర్ది ఉండి, నోటితో ఊపిరి పీలుస్తూ గురక పెడుతుంటే ముక్కు వెనుక ఎడినాయిడ్స్ పెరిగాయేమో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటాను, వయసు 61. అమెరికా నుంచి మా అబ్బాయి అలర్జీకి బటర్‌బర్ అనే మొక్క మాత్రలు, నల్లజీలకర్ర నూనె పంపాడు. రెండు నెలలుగా మాత్రలు వేసుకుంటున్నాను, తుమ్ములు బాగానే తగ్గాయి. కొనసాగించవచ్చునా?

జవాబు: ముక్కు అలర్జీకి వాడే మొక్కలలో పరీక్షలు బాగా జరిగినది బటర్‌బరే, కనుక మీ అబ్బాయి ఎంపిక అజ్ఞానం కాదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరీక్షలో 125 మందికి రెండు వారాలు ఇచ్చి చూస్తే అది సెట్రిజిన్‌తో సమానంగా పనిచేసింది. అందులో ఉత్తి మాత్ర గుంపు లేకపోవడం లోపమే అయినా, 2005లో 330 మందిపై జరిగిన మరో పరీక్ష ఆ లోపాన్ని తీర్చింది. అక్కడ కూడా బటర్‌బర్ ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా, మరో అలర్జీ మాత్ర అయిన ఫెక్సోఫెనడిన్‌కు దీటుగా నిలిచింది.

అయినా దీన్ని ఆపమనే మీకు చెబుతున్నాను. ఆ మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే కాలేయ విషాలు సహజంగానే ఉంటాయి. పరీక్షలలో వాడినది వాటిని తొలగించి, ఔషధంగా తయారుచేసిన ఒక ప్రత్యేక సారం. సప్లిమెంటుగా అమ్మే సీసాలో ఆ శుద్ధి ఎంతవరకు జరిగిందో కొనేవారికి తెలియదు. కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వెలుగులోకి రావడంతో 2012లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ ఉత్పత్తులను దుకాణాల నుంచి తీసివేయమని కోరింది. సెట్రిజిన్‌తో సమానమైన ఫలితం కోసం సెట్రిజిన్‌కు లేని ఈ ప్రమాదాన్ని మీ వయసులో నెత్తిన వేసుకోవలసిన అవసరం లేదు. సెట్రిజిన్‌తో మగతగా ఉంటే ఫెక్సోఫెనడిన్ ఇమ్మని అడగండి.

నల్లజీలకర్ర నూనెకు ముక్కు అలర్జీలో కొంత గుణం కనిపించిన చిన్న పరీక్షలు ఉన్నాయి. ఇరాన్‌లో 66 మందిపై జరిపి 2011లో ప్రచురించినది వాటిలో ఒకటి. మిగతా మందులు మానకుండా కొద్ది మోతాదులో వాడితే నేను వద్దనను. అయితే షుగరుకు, బీపీకి, రక్తం పలచబడటానికి మందులు వాడుతుంటే ముందుగా డాక్టరుకు చెప్పండి, ఈ నూనె షుగరునూ బీపీనీ కొంత దించగలదు.

రెండు నెలలుగా బటర్‌బర్ వేసుకున్నారు కనుక ఈ వారంలోనే కాలేయ పరీక్ష చేయించుకోండి. ఆకలి మందగించినా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా అంతవరకు కూడా ఆగకండి. మాత్రల సీసాను పారవేయకుండా డాక్టరు గారి దగ్గరకు వెంట తీసుకువెళ్ళండి. దాని వెనుక రాసి ఉన్న పదార్థాల పేర్లు, తయారీ సంఖ్య ఆయనకు అవసరమవుతాయి.